ఎగిరినవాళ్లు దిగేదాకా

డాన్సు బడిలో పియానో గోడకు ఆనుకుని ఉండదు. గది మధ్యలోకి మొహం పెట్టుకుని ఏటవాలుగా ఉంటుంది. అలా తిప్పించింది దాన్ని వాయించే ఆమే. చేరిన కొత్తలో, పిల్లల పాదాలు కనబడకపోతే తను వాయించలేనని చెప్పి, నలుగురి చేత నెట్టించింది. చెక్క నేల మీద ఆ గీరుడు ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి ఇరవయ్యేళ్లకు పైగా ఆమె కళ్లు స్వరాల కాగితం మీద కన్నా పాదాల మీదే ఎక్కువ నిలిచాయి. అసలు కాగితంతో పని పడేదే తక్కువ. డాన్సు మేడమ్ "నెమ్మదిగా, మూడు దెబ్బలది" అంటే ఒకటి, "గెంతేది" అంటే ఇంకొకటి, చేతికి వచ్చింది వాయించేది. పిల్లలు ఆమెను పియానో అత్త అనేవాళ్లు. వాళ్లు పెరిగి వెళ్లిపోయేవాళ్లు, కొత్తవాళ్లు వచ్చేవాళ్లు, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఒక మంగళవారం ఆమె వెళ్లేసరికి పెద్ద అద్దం పక్కన నల్లటి స్పీకరు పెట్టె నిలబెట్టి ఉంది. నడుం ఎత్తు ఉంది. ఇంకా అట్టముక్కలు కూడా పూర్తిగా విప్పలేదు.

"అక్కా, ఏమీ అనుకోకు," అంది మేడమ్. ఆవిడ చెడ్డ మనిషి కాదు. చెప్పాల్సింది నిలబడే చెప్పే మనిషి. "ఏడాది చివరి ప్రదర్శన దాకా నువ్వే. ఆ తర్వాత ఇదే. ఇప్పుడందరూ ఇలాగే చేస్తున్నారు."

"మంచిదే. టీ అడగదు, నడుం నొప్పి అనదు," అంది పియానో అత్త. ఒక్క క్షణం ఆగి, "ఎవరైనా జారిపడితే ఆగుతుందా?" అని అడిగింది.

"ఆగదు. ఆగదని తెలిస్తేనే పిల్లలు సరిగ్గా నేర్చుకుంటారు."

ఆమె వెళ్లి స్టూలు మీద కూర్చుని, ఆ రోజుకు వాయించాల్సింది వాయించింది.

భర్త ప్లంబరు. మోకాళ్లు వంగమని మొరాయించడం మొదలుపెట్టి ఏడాదయింది. సింకుల కిందికి దూరే పనులు ఒప్పుకోవడం మానేశాడు. ఇంట్లో రెండో జీతం గట్టిగా నిలబడాల్సిన సమయంలోనే ఆ జీతం కాళ్లకింద నేల కదిలింది. రెండు వీధుల అవతల ఒక సంగీత పాఠశాల ఉంది. అక్కడ చిన్నపిల్లలకు మొదటి పాఠాలు చెప్పే ఆవిడ మానేస్తోందని విని, ఆమె మర్నాడే వెళ్లింది. పాఠశాల పెద్దాయనకు ఆమె తెలుసు. వాళ్ల మనవరాలు డాన్సు బడి పిల్లే.

"మీరు వాయించడం నేను విన్నానమ్మా. వంక పెట్టను. కానీ ఇక్కడ పాఠం చెప్పాలంటే పియానోలో అయిదో గ్రేడు సర్టిఫికెట్ ఉండాలి. మీకొక రూలు, మిగతావాళ్లకొక రూలు పెట్టలేను. ఈ విడత పరీక్షకు కూర్చోండి. పాసైతే ఆ చోటు మీదే. ఈ విడత తప్పితే నేను ఆపలేను, ఇంకొకరిని తీసుకుంటాను."

అంతే. పీసులనే పాటలు మూడు, స్వరాలు వరసగా ఎక్కి దిగే స్కేళ్లు కొన్ని, కొత్త కాగితం చూసి వాయించడం, విన్నది చెప్పడం. డాన్సు బడి పెద్దపిల్లల్లో సగం మంది పన్నెండో ఏట పాసైపోయే పరీక్ష అది. ఆమెకు ఆ వయసు దాటి చాలాకాలమైంది.

*

పరీక్షకు నేర్పడానికి ఒప్పుకున్న అమ్మాయి ఆమెకు కూతురయ్యే ఈడుది. మందుల షాపు మేడ మీద, మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటుంది. మెట్లెక్కుతుంటే సగం దాకా దగ్గుమందు వాసన, ఆపైన పియానోకు పూసే మైనం వాసన. పియానో అత్త ఇంట్లో అందరూ ఆ అమ్మాయిని చిన్న టీచరు అనేవాళ్లు. ఆమె మాత్రం ఎదురుగా "టీచరుగారూ" అనేది. "అబ్బా అక్కా, గారు తీసెయ్యండి, నాకు ముసలితనం వచ్చేస్తుంది," అనేది ఆ పిల్ల. గారు పోలేదు.

మొదటి రోజు చిన్న టీచరు పరీక్ష పుస్తకం తెరిచి ముందు పెట్టింది. మూడు భాగాలు. ఒక్కో భాగం నుంచి ఒక్కో పీసు ఎంచుకోవాలి.

"ఎంచుకోవడంలోనే సగం పరీక్ష అయిపోతుందక్కా. తొందరపడకండి."

పియానో అత్త పేజీలు తిప్పుతూ పోయింది. చిన్నప్పుడు నేర్చుకుని వదిలేసిన అక్షరాలు. చదవగలదు గానీ తడుముకుంటూ చదువుతుంది. "సిరా తక్కువున్నవి చూడండి టీచరుగారూ. ఇదిగో, ఈ పేజీ చూడండి ఎంత ఖాళీగా ఉందో."

"అదే ముంచుతుంది. పరుగెత్తేటప్పుడు తప్పటడుగు పెద్దగా కనబడదు. నడిచేటప్పుడు ప్రతి అడుగూ వినబడుతుంది."

మొదటి భాగంలో పాతకాలపు పీసు ఒకటి కుదిరింది. కుడిచెయ్యి ఒక మాట అంటుంది, ఎడమచెయ్యి అదే మాట పట్టుకుని వెంటపడుతుంది. రెండో భాగంలో, వద్దు వద్దంటూనే, ఆ ఖాళీ పేజీదే తీసుకున్నారు. బాగా నెమ్మది. మధ్యలో ఒక స్వరం మీద ఒక గుర్తు ఉంది. పైన వంపు గీత, కింద చుక్క. చూడటానికి సగం మూసిన కన్నులా ఉంది.

"అక్కడ ఆగాలి," అంది చిన్న టీచరు.

"ఎంతసేపు?"

"రాసినాయన చెప్పలేదు. మీ ఇష్టం."

"నా ఇష్టం అంటే ఎంత?"

చిన్న టీచరు నవ్వింది. ఆమె నవ్వలేదు. నిజంగానే అడిగింది.

మూడో భాగానికి వచ్చేసరికి వెతకాల్సిన పనే లేకపోయింది. రెండో పేజీలోనే వాల్ట్సు ఉంది. పాదాలు జారుతూ తిరిగే మూడు దెబ్బల నాట్యం. ఇరవయ్యేళ్లుగా రోజూ పొద్దున అన్నం వండినంత మామూలుగా ఆమె వాయిస్తున్న సరుకే. చూసీ చూడగానే సగం వాయించేసింది.

"ఇది నాకు వదిలెయ్యండి టీచరుగారూ."

"వద్దేమో అక్కా. ఇంకోటి చూద్దాం."

"సొంత ఇంట్లో దారి తప్పుతానా ఏంటి?"

చిన్న టీచరు పెన్సిలుతో ఆ పీసు పక్కన టిక్కు పెట్టింది. తనకన్నా పెద్దామెతో మొదటి రోజే వాదన ఎందుకనుకుని ఉంటుంది.

*

ఇంట్లో ఉన్నది కరెంటు పియానో. భోజనాల బల్ల పక్కన గోడకు చేర్చి పెట్టారు. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుంటే పాట ఆమెకు తప్ప ఎవరికీ వినబడదు. మిగతావాళ్లకు మీటలు పడే టకటకలే వినబడతాయి. అత్తగారు రెండు రోజులు ఓపిక పట్టింది.

"అమ్మాయ్, ఆ చెవులవి పీకి అవతల పడెయ్యి. పాటైనా వినొచ్చు. ఎలకలు బీరువా కొరుకుతున్నట్టుంది నా ప్రాణానికి."

"తప్పులు వినబడతాయి అత్తయ్యా."

"వినబడనీ. నీ తప్పులు నాకు కొత్తా?"

హెడ్‌ఫోను తీసేశారు. తర్వాత మూడు పీసులకూ భర్త పేర్లు పెట్టాడు. మొదటిది దొంగా పోలీసు. రెండోది కారే కొళాయి. మూడోది గిరగిర. రాత్రి భోజనం దగ్గర "ఇవాళ దొంగ దొరికాడా?" అని అడిగేవాడు. "కొళాయి ఇంకా కారుతోందే, వాషరు మార్చనా?" అనేవాడు. గిరగిర గురించి ఎప్పుడూ ఏమీ అనలేదు. అది బాగానే ఉందని ఇంట్లో అందరి నమ్మకం. ఆమె కూడా దాన్ని రోజుకొక్కసారి వాయించి పక్కన పెట్టేది.

నెల గడిచాక చిన్న టీచరు మూడూ వరసగా వాయించమంది. గిరగిర అయ్యాక ఆ అమ్మాయి ఫోను తీసి పియానో మీద పెట్టింది.

"ఇది మళ్లీ ఒక్కసారి."

రికార్డు చేసి వినిపించింది. పాట హాయిగా సాగిపోతోంది. నాలుగో వరస మొదట్లో కుడిచెయ్యి పైకెక్కుతుంది. అక్కడ, కొసకు చేరగానే, పాట ఒక్క రెప్పపాటు గాలిలో నిలబడిపోయింది. తర్వాత దిగింది.

"అక్కడ ఎందుకు ఆగారు?"

"ఆగలేదే."

మళ్లీ వినిపించింది. ఆమె చెవి ఫోనుకు దగ్గరగా పెట్టి వింది. నిజమే. ఎనిమిదో వరసలోనూ అంతే. చివర్లోనూ అంతే. పాట పైకి వెళ్లిన ప్రతిచోటా ఆమె చేతులు ఎవరో వచ్చేదాకా గుమ్మంలో నిలబడినట్టు నిలబడ్డాయి.

"ఎవరి కోసం ఆగుతున్నారక్కా?"

ఆమె మొహం ఎర్రబడింది. "పిల్లలు దిగాలి కదా టీచరుగారూ."

పాట పైకి వెళ్లినప్పుడు పిల్లలు ఎగురుతారు. సన్నటిపిల్ల తొందరగా దిగుతుంది, బొద్దుపిల్ల కాస్త ఆలస్యంగా దిగుతుంది. ఆఖరి పాదం నేలకు తగిలేదాకా తర్వాతి దెబ్బ వెయ్యకూడదు. ఎవరూ నేర్పలేదు. పాదాలు చూసి చూసి చేతులు నేర్చుకున్నాయి. పిల్లల్లేని గదిలో, మందుల షాపు మేడ మీద కూడా, ఆ చేతులు లేని పిల్లల కోసం ఆగుతున్నాయి.

"పరీక్షలో ఎవరూ ఎగరరు," అంది చిన్న టీచరు. "పరీక్ష పెట్టే ఆయనకు ఇది తాళం తప్పినట్టే వినబడుతుంది. ఒకచోట కాదు, పీసంతా. ఒక్క దీంతోనే పోతుందక్కా."

తాళం లెక్కపెట్టే మెట్రోనోము పెట్టారు. అది టిక్కుటిక్కుమంటూ ఉంటే సరిగ్గా వాయించేది. తీసేయగానే మళ్లీ ఆగేది. చిన్న టీచరు కళ్లు మూసుకుని వాయించమంది. ఇంకా ఎక్కువ ఆగింది.

*

మర్నాడు డాన్సు బడిలో ఆమెకొక ఆలోచన వచ్చింది. రోగం ఎక్కడ పట్టుకుందో మందూ అక్కడే వెయ్యాలనుకుంది. మూడు దెబ్బలది మొదలుపెట్టి, తలవంచి మీటల మీద కళ్లు పెట్టుకుంది. పాదాల వైపు చూడనని ఒట్టు పెట్టుకుంది. ఒకటీ రెండూ మూడూ, గడియారంలా. పైకెక్కింది, ఆగలేదు, దిగింది.

దభీమని చప్పుడైంది. తలెత్తి చూస్తే ముందువరస పిల్ల తిరగడం మొదలుపెట్టింది, వెనకవరస పిల్ల ఇంకా దిగలేదు. ఇద్దరూ ఢీకొని కూలబడ్డారు. ఒకమ్మాయి మోచెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. మిగతావాళ్లు స్తంభాల్లా నిలబడి పియానో వైపు చూస్తున్నారు. వాళ్ల చూపులో కోపం లేదు. ఆశ్చర్యం ఉంది. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే మెట్టు లేనప్పుడు మనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉన్నాయి ఆ మొహాలు.

"ఏమైందక్కా నీకివాళ?" మేడమ్ గొంతు లేచింది. "ప్రదర్శన నెత్తిమీదికొచ్చింది. పిల్లల కాళ్లు విరగ్గొడతావా?"

"ఆగకపోతేనే సరిగ్గా నేర్చుకుంటారన్నావుగా మేడమ్."

"అది ఆ పెట్టె సంగతి. నీ సంగతి కాదు!"

ఆ మాట అన్నాక మేడమ్ కూడా ఒక క్షణం తటపటాయించింది. కానీ వెనక్కి తీసుకోలేదు. పిల్ల మోచేతికి ఐసుగడ్డ పెట్టారు. పాట మళ్లీ మొదలైంది. ఈసారి ఆమె పాదాలు చూస్తూనే వాయించింది. పైకెక్కింది, ఆగింది, అందరూ దిగారు.

సాయంత్రం చిన్న టీచరు దగ్గర కూర్చుంటే, ముందురోజు మెట్రోనోముతో కూడబెట్టిందంతా పోయింది. ఆ వారమంతా అదే వరస. సాయంత్రం విప్పుకున్న ముడి పొద్దున మళ్లీ పడిపోయేది. ఒకే చేతులు, ఒకే రకం పాట. పగలు ఆగకపోతే తప్పు, సాయంత్రం ఆగితే తప్పు.

"డాన్సు క్లాసు ఈ నెల మానెయ్యండక్కా," అంది చిన్న టీచరు చివరికి.

"ప్రదర్శన దాకా ఉంటానని మాటిచ్చాను."

"వాళ్లు మిమ్మల్ని ఉంచుకుంటామన్నారా? మీరెందుకు..."

"వాళ్ల సంగతి కాదు. పిల్లలు నా చేతికి అలవాటుపడ్డారు. ఇప్పుడు మానేస్తే ఆ పెట్టెతో పడతారు, లేస్తారు, ఎవరో ఒకరి కాలు మడతపడుతుంది."

"అయితే పీసు మార్చేద్దాం. పరీక్షకు ఇంకా మూడువారాలుంది."

"మూడువారాల్లో కొత్తదా? నాకా? నేను అక్షరం అక్షరం కూడబలుక్కునే మనిషిని!"

చిన్న టీచరు పుస్తకం మూడో భాగం తెరిచి చివరి పీసు చూపించింది. ఆమె వరస మొదట్లో అంకె చూసి ఉలిక్కిపడింది. అయిదు దెబ్బలది.

"అయిదేంటండీ? దీనికి ఎవరైనా ఎలా గెంతుతారు? ఒక కాలు ఎప్పుడూ మిగిలిపోతుంది."

"గెంతలేరు. మీ పిల్లల్లో ఒక్కళ్లు కూడా దీనికి అడుగెయ్యలేరు. అందుకే ఇది. మీ చేతులకు దీని గురించి పాత జ్ఞాపకం ఏదీ లేదక్కా. చెడగొట్టడానికి ఏమీ లేదు."

ఆమె ఆ పేజీ వంక చూసింది. నిండా సిరా. బాగా వచ్చిన పీసు వదిలేసి, అసలు రానిదాన్ని నెత్తికెత్తుకోవాలి. వచ్చిందాన్ని పట్టుకునే కూర్చుంటే తప్పకుండా మునుగుతుంది. కొత్తదాంతో బహుశా మునుగుతుంది. ఈ రెంటికీ ఉన్న తేడా ఎంతో ఆమె మెట్లు దిగుతూ, దగ్గుమందు వాసన దాకా వచ్చేసరికి తేల్చుకుంది. వెనక్కి ఎక్కి తలుపు కొట్టింది.

"అయిదుదే కానివ్వండి టీచరుగారూ."

*

ఆ మూడువారాలూ ఇంట్లో ఎవరూ గట్టిగా నవ్వలేదు. అయిదు దెబ్బలు ఆమె ఒంటికి పట్టలేదు. నాలుగుకే ముగించేది, లేదంటే ఆరోది తగిలించేది. భర్త మొదట దానికి కుంటికుర్చీ అని పేరు పెట్టాడు. ఆమె విసుక్కుంది. తర్వాత ఇక పేరెత్తలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె ఒకే వరస పట్టుకుని పదేపదే తన్నుకులాడుతుంటే, వంటింట్లో గిన్నెలు కడుగుతున్న అత్తగారు కేకేసింది.

"ఒరేయ్, నీ పెళ్లాం వాయిస్తుంటే ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియక నాకు ఆయాసం వస్తోందిరా!"

"అమ్మా, నువ్వు కాసేపు ఊరుకో."

"నేనూరుకుంటే ఆ అయిదోది దానంతటదే పడుతుందా?"

ఆమె మీటల మీది చేతులు తీసేసింది. "అత్తయ్య అన్నదాంట్లో తప్పేముందండీ? నాకే ఊపిరాడట్లేదు. ఇది పోతే ఆ చోటు పోతుంది. ఆ పెట్టె పక్కన నిలబడి పిల్లల బూట్ల తాళ్లు కట్టుకోవాలి నేను."

భర్త వచ్చి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సంగీతం గురించి అతనికి తెలిసింది సున్నా. కాసేపు విని, బల్ల మీద వేలితో కొట్టాడు. "మొదటిది గట్టిగా, నాలుగోది గట్టిగా. అంతేనా?"

"అంతే."

"అంటే ముందు మూడు, తర్వాత రెండు." మళ్లీ బల్ల మీద కొట్టాడు. "కొళాయి కట్టు. కొళాయి కట్టు. కొళాయి కట్టు."

ఆమె అతని వంక చూసింది.

"ఏం? సరిపోలేదా? కొ-ళా-యి, కట్-టు. రోజూ ఇంటింటికీ వెళ్లి మొత్తుకునే మాటే. ఎవడూ కట్టడు."

ఆమె మనసులో అనుకుంటూ వాయించింది. మొదటి వరస నిలబడింది. రెండో వరసలో తడబడింది. మళ్లీ మొదలుపెట్టింది. వంటింట్లో అత్తగారు గిన్నెలు తోముతూ అదే లెక్కన గరిటె ఆడిస్తోంది. నిజంగానే కొళాయి కట్టెయ్యమంటున్నారనుకుని ఒకసారి కట్టేసింది కూడా.

అలాగని గండం గట్టెక్కలేదు. అయిదింట్లో నాలుగుసార్లు బాగా వచ్చేది. ఆ అయిదోసారి ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. దొంగా పోలీసులో ఎడమచెయ్యి ఒకచోట ఎప్పుడూ వెనకబడేది. కారే కొళాయి మాత్రం బాగుండేది, ఆ కన్ను గుర్తు దగ్గర తప్ప. అక్కడ ఒకరోజు మరీ తొందరగా కదిలేది, ఒకరోజు మరీ ఆలస్యంగా.

"ఏ ఇద్దరూ ఒకేలా ఆగరక్కా. మీకు చాలనిపించేదాకా ఆగండి," అనేది చిన్న టీచరు.

చాలనిపించడం అంటే ఏమిటో ఆమెకు అంతుబట్టలేదు. ఇంతకాలం ఆమె ఎప్పుడు ఆగినా అవతల ఒక పాదం ఉండేది. అది దిగితే చాలు. ఇక్కడ దిగేవాళ్లెవరూ లేరు.

*

పరీక్ష ఒక పాత కార్యాలయ భవనంలో, రెండో అంతస్తులో. వసారాలో గోడపొడుగునా కుర్చీలు, వాటిలో పిల్లలు, పిల్లల పక్కన తల్లులు. ఒకమ్మాయి ఒళ్లో వేళ్లు ఆడిస్తోంది, ఒకబ్బాయి గోళ్లు కొరుకుతున్నాడు. తలుపు దగ్గరి అతను ఆమెను చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"తల్లిదండ్రులు ఇక్కడే కూర్చోవాలమ్మా. పాపను మాత్రమే లోపలికి పంపండి."

"నేనే పాపని బాబూ."

గోళ్లు కొరుకుతున్నవాడు కొరకడం ఆపి చూశాడు. అతను నాలిక్కరుచుకుని తలుపు తెరిచాడు.

గది చిన్నది. పియానో గోడకు ఆనుకుని ఉంది. కుడిపక్కగా బల్ల, బల్ల వెనక పరీక్ష పెట్టే ఆయన. నెరిసిన జుట్టు, మెత్తటి గొంతు, చేతిలో పెన్ను. స్టూలు ఎత్తు సరిచేసుకోమన్నాడు. మర తిప్పుతుంటే అది కీచుమంది. కూర్చున్నాక ఆమెకు తెలిసింది: తల తిప్పకుండానే, కంటికొసలో, బల్లకింద ఆయన గోధుమరంగు బూట్లు కనబడుతున్నాయి. బల్లమీద ఆయన పెన్నూ కనబడుతోంది. ఆ రెండూ కనబడకుండా ఉంటే బాగుండేదనుకుంది.

దొంగా పోలీసు మొదలుపెట్టింది. కొత్త పియానో మీటలు గట్టిగా ఉన్నాయి. ఎడమచెయ్యి ఎప్పుడూ వెనకబడేచోటే వెనకబడింది. ఒక స్వరం జారిపోయింది. ఆమె ఆగలేదు. ఇరవయ్యేళ్లలో పిల్లలు తడబడ్డా పాట పడకుండా నడిపిన మనిషి, ఒక్క స్వరానికి తలవంచదు. పోలీసు ఆఖరికి దొంగను పట్టుకున్నాడు.

కారే కొళాయి. చేతులు చల్లబడ్డాయి గానీ పాట చల్లగానే రావాలి కాబట్టి పరవాలేదనుకుంది. మొదటి సగం ఇంట్లో ఎన్నడూ రానంత బాగా వచ్చింది. కన్ను గుర్తు వచ్చింది. స్వరం నొక్కి పట్టుకుంది.

పెన్ను కదులుతోంది.

ఆయన తలవంచుకుని ఏదో రాస్తున్నాడు. కాగితం మీద పెన్ను గీరుకుంటున్న చప్పుడు ఆ నిశ్శబ్దంలో స్పష్టంగా వినబడుతోంది. ఆమె పట్టుకునే ఉంది. స్వరం సన్నబడింది. పెన్ను వరస మారింది. స్వరం ఇంకా సన్నబడి, తీగె ఆఖరి వణుకు దాకా వెళ్లింది. వసారాలో ఎవరో దగ్గారు. పెన్ను ఒక చుక్క పెట్టి పైకి లేచింది. ఆయన తలెత్తాడు. ఆమె తర్వాతి స్వరం వేసింది.

ఒక వరస దాటాకగానీ తను చేసిన పని ఆమెకు తట్టలేదు. ఎంతసేపు ఆగింది? తెలియదు. ఆ గదిలో ఎగిరినవాళ్లు ఎవరూ లేకపోతే, రాసుకుంటున్న మనిషి పెన్ను దిగేదాకా ఆగింది. మిగతా సగం ఎలా వాయించిందో గుర్తులేదు.

అయిదు దెబ్బలదానికి ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"మీకు వీలున్నప్పుడు," అన్నాడాయన మెత్తగా.

మొదలుపెట్టింది. రెండో వరసలో, కంటికొసలో, గోధుమరంగు బూటు ఒకటి ఊగడం మొదలైంది. పాపం ఆయనకు పాట నచ్చి ఉంటుంది. కానీ ఆ బూటుకు అయిదు రాదు. అది దాని దారిన నాలుగు దెబ్బలు ఊగుతోంది. ఆమె చేతులు అప్పుడే దానివైపు ఒరిగాయి. ఎడమచెయ్యి నాలుగోదాని దగ్గర తటపటాయించింది. ఇంకో దెబ్బ ఆగితే ఆ బూటుతో కలిసి పీసు మొత్తం గుంటలో పడుతుంది.

ఆమె మొహం ఎడమవైపుకు తిప్పేసుకుంది. పేజీ కూడా సరిగ్గా కనబడనంతగా గోడవైపుకు తిప్పేసుకుంది. కొళాయి కట్టు. కొళాయి కట్టు. పెదవులు కదిలాయి కూడా. పేజీలో ఉన్నది చేతులకు వచ్చు. రానిది ఒంటరిగా వెళ్లడమే. గోడమీద సున్నం పెచ్చులూడిన మరక ఒకటి చూస్తూ ఆఖరి దాకా వెళ్లింది. ఆఖరి దెబ్బ పడ్డాక ఆ బూటు ఇంకో రెండుసార్లు ఊగి ఆగింది.

తర్వాత స్కేళ్లు, చూసి వాయించడం, విని చెప్పడం. ఏదీ ఘోరంగా పోలేదు. ఏదీ మెరవలేదు.

*

ప్రదర్శన రోజున ఆమె పాదాలు చూస్తూ వాయించింది. అందరూ దిగారు. చివర్లో పిల్లలు పూలగుత్తి ఇచ్చారు, మేడమ్ కౌగిలించుకుంది, స్పీకరు పెట్టె మూలన ఊరికే నిలబడింది. మర్నాటి నుంచి ఆమె ఇంట్లోనే ఉంది. పాఠశాల పెద్దకు ఫోను చెయ్యలేదు. అడిగితే ఆయన ఏమంటాడో ఆమెకు తెలుసు. భోజనాల దగ్గర ఫలితాల మాట ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. అత్తగారైతే ఆ మాట నోటిదాకా వచ్చినప్పుడల్లా నీళ్లు తాగేది.

చిన్న టీచరు ఫోను వచ్చినప్పుడు ఆమె వంటింట్లో నేలమీద కూర్చుని టార్చి పట్టుకుని ఉంది. బయట సింకుల కిందికి దూరడం మానేసిన భర్త, ఇంట్లో సింకు కారుతుంటే తప్పించుకోలేక దూరాడు. కాళ్లు బయట, మిగతాది లోపల. ఆమె ఖాళీ చేత్తో ఫోను స్పీకరులో పెట్టి గట్టుమీద ఉంచింది.

"అక్కా, పాసయ్యారు!"

టార్చి వెలుగు ఒక్కసారి పైకప్పు మీదికి వెళ్లి మళ్లీ కిందికొచ్చింది.

"పాసు గీతకు కాస్త పైన, అంతే. అయినా పాసు పాసే. అయిదు దెబ్బలదానికి అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేశాడాయన, 'తాళం దృఢం' అని రాశాడు. రెండోదాంట్లోనే కోసేశాడు. కన్ను గుర్తు దగ్గర మరీ సాగదీశారట. అక్కడ ఏమైందక్కా? భయమేసిందా?"

"భయం కాదు టీచరుగారూ. ఆయన రాసుకుంటున్నాడు. మధ్యలో కదిలించడం ఎందుకని..."

సింకు కింద ఏదో మొదలైంది. ముందు కాళ్లు వణికాయి, తర్వాత దగ్గులాంటిది వినిపించింది, తర్వాత తల పైపుకు కొట్టుకున్న చప్పుడు.

"ఏమండీ! దెబ్బ తగిలిందా?"

"నీకు మార్కులు కోస్తున్నాడే ఆయన!" లోపల్నుంచి నవ్వుకూ నొప్పికీ మధ్య గొంతు. "కోస్తూ రాసుకుంటుంటే, పూర్తిగా కోసుకోనీ పాపమని ఆగావా?"

వసారాలోంచి అత్తగారు, "పాసా, ఫెయిలా? ముందది చెప్పి తర్వాత చావండి!" అని అరిచింది.

"పాసే అత్తయ్యా!"

"హమ్మయ్య. ఇకనైనా ఆ అయిదుది వాయించకు."

చిన్న టీచరు, ఇక నవ్వు ఆపుకోలేక, పాఠశాల పెద్దకు తనే ఫోను చేస్తానని, సోమవారం నుంచి రమ్మంటాడని చెప్పి పెట్టేసింది. సోమవారం. చిన్నపిల్లలు, మొదటి పాఠాలు. స్టూలు మీద కాళ్లు నేలకు అందనివాళ్లు. ఆమెకు ఆనందం కన్నా ముందు నీరసం వచ్చింది. ఆనందం రావడానికి ఇంకా కాస్త టైము పడుతుందనిపించింది.

"ఏమోయ్ పాసైన పాపా," అన్నాడు భర్త లోపల్నుంచి. "టార్చి ఎటో పోయింది. నట్టు కనబడట్లేదు."

ఆమె టార్చి సరిచేసి పట్టుకుంది. అతని చెయ్యి తడుముకుంటూ నట్టు దొరకబుచ్చుకుంది. స్పానరు ఒక చుట్టు తిరిగింది, జారింది, మళ్లీ పట్టింది. మోచెయ్యి లాగుతోంది. చెయ్యి మార్చుకుందామనుకుని, మార్చుకోలేదు. నట్టు బిగిసి, అతని చెయ్యి కిందికి దిగేదాకా వెలుగు కదపకుండా పట్టుకుంది.